వెయ్యి కిలోల మాట తర్వాత, ముందు పెంట మాట

2025 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఇయాన్, స్టువర్ట్ పేటన్ అనే కవల సోదరులు పండించిన గుమ్మడికాయ 1,278 కిలోలు తూగి ప్రపంచ రికార్డు అయింది. అంతకుముందు రికార్డు 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీలో తూగిన 1,246 కిలోల కాయది. ఇలాంటి వీడియోలు ఫోన్లలో తిరిగినప్పుడల్లా అనంతపురం, కర్నూలు, కడప వైపు ఇంటి వెనక నాలుగు సెంట్ల జాగా ఉన్నవాళ్లకు, తోటలో బోరు ఉన్నవాళ్లకు ఆశ పుడుతుంది. వెంటనే రెండు ప్రశ్నలు వస్తాయి. విత్తనం ఎక్కడ దొరుకుతుంది? ఏ ఎరువు వేయాలి?

వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. నాలుగైదు నెలలపాటు రోజూ గంటన్నర నేలమీద గొంతుక్కూర్చుని తీగ మీద మట్టి కప్పగలరా? పురుగు పట్టిన పిందెలు కంపు కొడుతున్నా ఏరి గుంట తీసి పాతగలరా? ముద్దుగా పెరుగుతున్న పది కిలోల కాయను చేతులారా కోసి పారేయగలరా? పెద్ద గుమ్మడి బరువు ఎవరికీ చేయబుద్ధి కాని పనుల్లోంచి వస్తుంది. ఎరువు సంచీలోంచి వచ్చేది తక్కువ. పాదు చెడిన చోట వెతికి చూడండి, ఇలాంటి పని ఏదో ఒకటి రేపటికి వాయిదా పడి ఉంటుంది.

ముందు మన ఎండ, మన పగలు ఎంతో ఒప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో వేసవి నడిమిలో పగలు పదహారు గంటలకు పైనే ఉంటుంది, ఎండ మాత్రం మెత్తగా ఉంటుంది. ఆకు పొద్దున్నుంచి రాత్రిదాకా పని చేస్తూనే ఉంటుంది. మనకు ఈ పంట సాగే చలికాలంలో పగలు పదకొండు, పదకొండున్నర గంటలు. ఇంగ్లండ్‌లో ఉన్నంత పొడుగు పగలు మనకు ఏ నెలలోనూ లేదు. ఉన్నంతలో పొడుగు పగళ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై దాటి ఆకు మధ్యాహ్నానికే వాడిపోతుంది. అందుకని మన దగ్గర వెయ్యి కిలోలు రావు. నా లెక్కలో యాభై కిలోలు దాటిన కాయ మంచి కాయ, వంద దాటితే ఊరంతా చూడదగ్గ కాయ. ఈ మాట ముందే మనసుకు చెప్పుకోనివాళ్లు కాయ ఇరవై కిలోల దగ్గర ఉండగానే యూరియా గుమ్మరించి పాదును చంపుకుంటారు.

కాలం ఎంచుకోవడంలోనే సగం మంది తప్పుతారు. ముంగారు వానలకు జూన్‌లో పెడితే గాలి బతకనివ్వదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టుదాకా అనంతపురం వైపు వీచే గాలికి గొడుగంత ఆకులు కాడ దగ్గర విరిగిపోతాయి, ఇంకా వేరు పట్టని తీగ మొత్తం బోర్లా తిరగబడుతుంది. జనవరిలో పెడితే పూత మార్చిలో వస్తుంది. పగటి వేడి 32, 33 డిగ్రీలు దాటాక పుప్పొడి బలం తగ్గి పిందె నిలవదు. మిగిలిన దారి ఒకటే. సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లో విత్తాలి, డిసెంబరు మొదటి వారాల్లో పిందె కట్టించాలి, ఫిబ్రవరి చివరికి కోయాలి. డిసెంబరు, జనవరుల్లో అనంతపురంలో పగలు ముప్పై డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి పదిహేడు చుట్టుపక్కల ఉంటుంది. మన ఏడాదిలో ఈ కాయకు దొరికే మంచి రోజులు అవే. దీనికీ ఒక గండం ఉంది. కడప జిల్లాలో నవంబరు వాన మామూలు వాన కాదు. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 2021 నవంబరు 19నే. ఆ వైపువాళ్లు, నల్లరేగడిలో పెట్టేవాళ్లు మడిని నేలకంటే అడుగు ఎత్తున పోసుకుని, చుట్టూ నీళ్లు పోయే కాలువ తీయకుండా విత్తనం ముట్టకూడదు. మొదలు దగ్గర రెండు రోజులు నీళ్లు నిలిస్తే ఆ పాదు కుళ్లినట్టే.

విత్తనం సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచ పోటీల్లో తూగే కాయలన్నీ కెనడాలోని నోవా స్కోషియా రైతు హోవర్డ్ డిల్ తయారుచేసిన అట్లాంటిక్ జెయింట్ వంశంవే. శాస్త్రం దీన్ని కుకుర్బిటా మాక్సిమా అంటుంది. మన సంతల్లో ముక్కలు కోసి అమ్మే తియ్య గుమ్మడి ఎక్కువగా కుకుర్బిటా మోస్కాటా. దిష్టికి కట్టే, వడియాలు పెట్టే బూడిద గుమ్మడిది వేరే కుటుంబ శాఖ. పేరులో గుమ్మడి ఉన్నంత మాత్రాన ఒకదాని పద్ధతి ఇంకోదానికి సరిపోదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వారి అర్క సూర్యముఖి రకం కూడా మాక్సిమా జాతిదే, కానీ దాని కాయ కిలో దగ్గర ఆగుతుంది. ఆన్‌లైన్‌లో విదేశీ విత్తనం తెప్పించాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విత్తడానికి తెప్పించే విత్తనానికి దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కవరులో పెట్టి దొంగచాటుగా వచ్చే విత్తనంతో వైరస్ కూడా రావచ్చు. దోస, కర్బూజ మీద బతికే రైతుల పక్కన ఉంటూ అలాంటి పని చేయడం అన్యాయం. ఇక్కడే చట్టబద్ధంగా అమ్మే కంపెనీల దగ్గర కొనండి. అదీ దొరక్కపోతే మన తియ్య గుమ్మడిలోనే పెద్ద కాయ కాసే నాటు రకం తీసుకోండి. అది ఎండకు మాక్సిమాకంటే బాగా ఓర్చుకుంటుంది.

ఇక పెంట. ఒక్క పాదుకు సెంటున్నర నేల, అంటే సుమారు అరవై చదరపు మీటర్లు వదలాలి. దానిమీద మూడు సెంటీమీటర్ల మందాన ఎరువు పరచాలంటే దాదాపు రెండు ఘనపు మీటర్లు, ట్రాక్టరు ట్రాలీలో సగానికి పైగా పడుతుంది. దిబ్బలోంచి తెచ్చి అలాగే చల్లితే రెండు కష్టాలు. పచ్చి పెంట మగ్గేటప్పుడు వేడి పుట్టి, అమ్మోనియా వచ్చి లేత వేరు మాడుతుంది. రెండోది వేరుపురుగు. వేరుశనగ వేసేవాళ్లకు ఆ తెల్ల పురుగు ఎంత చేటు చేస్తుందో చెప్పక్కర్లేదు. అందుకని జూలైలోనే కుప్ప వేసి, తడి చూసుకుంటూ, పదిహేను రోజులకోసారి మొత్తం తిరగతోడాలి. కనీసం మూడుసార్లు. లోపలి పెంట బయటికి, బయటిది లోపలికి రావాలి. పొగలు కక్కే కుప్పలో పారతో నిలబడటం ఒళ్లు హూనమయ్యే పని. చాలామంది ఒక్కసారి తిప్పి చాలనుకుంటారు. తీగ నెల రోజుల తర్వాత ఉన్నట్టుండి వాలిపోయినప్పుడు పీకి చూస్తే వేరు కొరికేసి ఉంటుంది. కోళ్ల ఎరువు జోలికి మాత్రం పోకండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎటూ ఎక్కువే, దానిమీద కోళ్ల ఎరువు ఇంకా ఉప్పు కలుపుతుంది. గొర్రెల మంద కట్టించుకోగలిగితే ఎండాకాలంలోనే కట్టించి వదిలేయండి, విత్తే వేళకు ఘాటు పోతుంది.

సున్నం ఎక్కువున్న నేలల్లో నెల తిరక్కుండానే లేత ఆకులు ఈనెలు పచ్చగా మిగిలి మధ్యభాగం పసుపెక్కుతుంది. అది ఇనుము లోపం. వేరుశనగకు చేసే వైద్యమే దీనికీ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి. దాన్ని చూసి నత్రజని తక్కువైందనుకుని యూరియా వేస్తే తీగ బలుస్తుంది, ఆడపువ్వు ఆలస్యమవుతుంది.

మొలక నాటేటప్పుడు ఒక చిన్న సంగతి తర్వాత చాలా శ్రమ తప్పిస్తుంది. బీజదళాల తర్వాత వచ్చే మొదటి అసలైన ఆకు ఏ వైపు ఉంటుందో, ప్రధాన తీగ మామూలుగా దానికి ఎదురు వైపు సాగుతుంది. మడి పొడుగు ఎటుందో చూసి ఆ ప్రకారం నాటుకోవాలి. ఆ తర్వాత మొదలయ్యేది అసలు వెట్టి. ప్రధాన తీగ ఒకటి, దానికి రెండు వైపులా అడ్డంగా పక్క తీగలు. పక్క తీగలు మూడు మీటర్లకు రాగానే కొస తుంచి మట్టిలో పూడ్చాలి. పక్క తీగలకు పుట్టే పిల్ల తీగలు ఒక్కటి కూడా మిగలకూడదు. ప్రతి కణుపు దగ్గరా తీగ కింద వేళ్లు సన్న కొనలుగా కనపడతాయి. ఆ కణుపును గుప్పెడు ఎరువు కలిపిన మట్టితో కప్పితే అక్కడ కొత్త వేరు దిగుతుంది. కాయ పెరిగే రోజుల్లో మొదటి వేరు ఒక్కటే ఇంత బరువును పోషించలేదు. నూరు చోట్ల దిగిన కణుపు వేళ్లే పోషించాలి. నులితీగలు పక్క ఆకుల కాడలకు చుట్టుకుని గాలికి వాటిని తుంచేస్తాయి గనుక వాటినీ తీసేయాలి.

చెప్పడానికి నాలుగు వాక్యాలు, చేయడానికి రోజూ గంటన్నర. ఆకుల కాడల మీది ముళ్లలాంటి నూగు చేతులను గీరి మంట పెడుతుంది. పొడుగు చేతుల చొక్కా లేకుండా దిగకూడదు. నవంబరు వచ్చేసరికి ఆకులు మోకాలి ఎత్తున కమ్మేసి కింద చల్లగా, తడిగా ఉంటుంది. సీమలో అలాంటి చోటు తేలుకూ పాముకూ ఇష్టం. చెయ్యి పెట్టేముందు కర్రతో ఆకులు కదిలించడం, చీకటి పడ్డాక దిగకపోవడం ఎవరికీ మినహాయింపు లేని నియమాలు. పది రోజులు ఈ పని మానేసిన మడిలో ఏది ప్రధాన తీగో, ఏది పిల్ల తీగో తెలియదు. అప్పుడు కోయబోతే తప్పు తీగ తెగుతుంది.

పిందెను వేలు పెట్టి చూపిస్తే రాలిపోతుందని మన పెద్దవాళ్లు అంటారు. రాలడం నిజం, కారణం వేలు కాదు. పుప్పొడి చాలకపోతే పిందె వారంలోపు పసుపెక్కి ముడుచుకుంటుంది. లేదంటే అప్పటికే పండు ఈగ గుడ్లు పెట్టి ఉంటుంది. మొదటిదానికి విరుగుడు చేత్తో పరాగసంపర్కం. మరుసటి ఉదయం విచ్చుకోబోయే ఆడపువ్వు ముందు సాయంత్రమే రంగు తేలి కనపడుతుంది, దాన్ని పల్చటి గుడ్డతో కట్టాలి. మగపువ్వులు రెండు మూడు అలాగే కట్టి ఉంచుకోవాలి. తెల్లారాక ఏడున్నరలోపు మగపువ్వుల రేకులు చీల్చి, మధ్య కాడతో ఆడపువ్వు నడిమి కీలాగ్రం (పుప్పొడి అందుకునే భాగం) తమ్మెలన్నిటికీ పుప్పొడి అంటేలా రుద్ది, మళ్లీ కట్టేయాలి. ఒక్క తమ్మె వదిలేసినా కాయ ఒక వైపు వంకరపోతుంది. ఆ రోజు ఎండ ముదిరేలా ఉంటే పువ్వు మీద నీడ కట్టి, చుట్టూ గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెట్టడం చాదస్తం కాదు. ఎండ ముదిరితే ఆ పిందె నిలవదు, నెల రోజులు వెనక్కి పోతాం.

మొదలు నుంచి మూడు, నాలుగున్నర మీటర్ల మధ్య ప్రధాన తీగ మీద రెండు మూడు పిందెలు కట్టించి, ఇరవై రోజులకు ఒకదాన్ని ఎంచి మిగతావి కోసేయాలి. చాలామంది చెయ్యి ఆగేది ఇక్కడే. రెండు కాయలు ఉంచుకుంటే రెండూ పెద్దవవుతాయనుకుంటారు. రెండూ మామూలు కాయలవుతాయి.

పిందె నిలిచిన మొదటి రెండు వారాల్లో తొడిమ, తీగ మధ్య కోణం సరిచేయడం మీద అంతా ఆధారపడి ఉంటుంది, కానీ ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. పిందె తొడిమ మామూలుగా తీగను ఆనుకుని ఇరుకు కోణంలో ఉంటుంది. కాయ భుజాలు ఉబ్బేకొద్దీ తీగను తోస్తాయి, ఒక రోజు తొడిమ పుటుక్కున తెగుతుంది. దాన్ని తీగకు లంబకోణంలోకి తేవాలి. పొద్దున తీగ నీళ్లతో బిర్రుగా ఉంటుంది, ముడితే విరుగుతుంది. మధ్యాహ్నం వాడి మెత్తబడినప్పుడు రోజుకు రెండు మూడు సెంటీమీటర్లే జరపాలి. తొందరపడితే ఒక్క చప్పుడుతో పంట ముగుస్తుంది. కాయకు అటూ ఇటూ మీటరు మేర తీగను పూడ్చకూడదు. దిగిన వేళ్లను కూడా కోసేయాలి, ఎందుకంటే కాయ ఎత్తు పెరిగేకొద్దీ తీగ పైకి లేవాలి. నేలకు పాతుకుని ఉంటే లేవలేక చీలుతుంది. కాయ కింద నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి, మీద నేసిన ప్లాస్టిక్ గోనెపట్టా పరిస్తే నీళ్లు దిగిపోతాయి, కాయ జారుతూ పెరగగలుగుతుంది. పైన నీడ గుడ్డ తప్పనిసరి. ఎండ తగిలిన తోలు గట్టిపడి, లోపలి కండ పెరిగేటప్పుడు సాగలేక పగులుతుంది.

పండు ఈగ మన ప్రాంతంలో ఈ పంటకు మొదటి శత్రువు. కర్బూజ, కాకర, దోస పండే ఊళ్లలో అది ఏడాది పొడుగునా ఉంటుంది. ఆడ ఈగ లేత పిందె తోలులో సూదితో గుచ్చినట్టు గుచ్చి గుడ్లు పెడుతుంది. ఆ చోట జిగురు చుక్క కనపడుతుంది, అంతే. నాలుగైదు రోజులకు లోపల తెల్ల పురుగులు కండను గుజ్జు చేస్తాయి. పువ్వు కట్టు విప్పిన రోజునుంచి తోలు గట్టిపడేదాకా పిందెకు సన్న దోమతెర సంచి ఉండాలి, కాయతోపాటు సంచి మార్చుకుంటూ పోవాలి. క్యూల్యూర్ ఎరలు మగ ఈగలనే లాగుతాయి. ఆడ ఈగ పక్క చేలోంచి వచ్చి గుడ్లు పెట్టి పోతుంది, కనుక ఎర బుట్ట కట్టి నిశ్చింతగా ఉండకూడదు. పురుగు పట్టిన పిందెలను, రాలినవాటిని రోజూ ఏరాలి. గట్టు మీద విసిరేస్తే పురుగులు మట్టిలో దిగి, అక్కడ గూడు కట్టుకుని మళ్లీ ఈగలై వస్తాయి. రెండడుగుల గుంటలో పాతాలి, లేదా మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి నాలుగు రోజులు ఎండలో పడేయాలి. ఆ సంచి వాసన భరించడం కష్టమే. ఇంట్లో గొడవలయ్యేది దీనిమీదే. ఐనా మానుకోదగ్గ పని కాదు.

ఎర్ర పెంకు పురుగు మొలక దశలో ఆకును జల్లెడ చేస్తుంది. మొదటి నెల దోమతెర గుడారం వేస్తే చాలు. చలి మొదలవగానే బూడిద తెగులు వస్తుంది, కింది ఆకుల మీద తెల్ల మచ్చ కనపడగానే మందు కొట్టాలి. గంధకం మందు కొట్టకండి, దోస జాతి ఆకులు దానికి మాడతాయి. ఆకులు మొజాయిక్‌లా మచ్చలు పడి ముడుచుకుంటే అది వైరస్. మందు లేదు. ఎంత పెద్ద పాదైనా పీకి తగలబెట్టడమే, లేకపోతే తెల్లదోమ, పేనుబంక దాన్ని పక్క చేలకు మోస్తాయి.

నీళ్ల లెక్క దాచిపెట్టకూడదు. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. సెంటున్నర ఆకు కమ్మిన మడికి చలికాలంలో రోజుకు ఐదు మిల్లీమీటర్లు అనుకున్నా 300 లీటర్లు. చిన్నప్పటి రోజులు కలుపుకుని పంట మొత్తానికి ఇరవై వేల లీటర్లకు పైనే, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు పైన. తినడానికి నీరుకారిపోయే, రుచి తక్కువైన కాయకు ఇన్ని నీళ్లా అని అడిగేవాళ్లది న్యాయమైన ప్రశ్న. బోరు సంక్రాంతికే తగ్గిపోయే ఊళ్లో ఈ పని పెట్టుకోవద్దనే నేనూ అంటాను. నీళ్లున్న చోట మాత్రం ఒక్క పాదు మీద నేర్చుకున్న పరాగసంపర్కం, ఈగ కట్టడి, తీగ కత్తిరింపు కర్బూజ మడికీ కాకర పందిరికీ నేరుగా పనికొస్తాయి. ఆ కారణం నాకు చాలు.

నీళ్లు తక్కువైనదానికంటే తేడాగా పోసినందువల్లే ఎక్కువ కాయలు పగులుతాయి. కరెంటు పోయో, మోటారు కాలిపోయో మూడు రోజులు ఎండబెట్టి, నాలుగో రోజు జాలిపడి మడి నింపుతారు. తీగ ఒక్కసారిగా తాగి కాయలోకి తోస్తుంది, తోలు అంత వేగంగా సాగదు. అర్ధరాత్రి పగిలిన కాయ తెల్లారేసరికి నురుగు కక్కుతుంది. మూడు రోజులు ఎండితే, తర్వాతి మూడు రోజులూ మామూలులో సగం సగం పోసి పెంచుకుంటూ రావాలి. పైపైన పడిన నెరియ ఐతే తుడిచి ఆరబెట్టి, ఫ్యాను గాలి తగలనిచ్చి, రాగి మందు పొడి అద్ది చూడవచ్చు. లోపలి డొల్లదాకా పోయిన చీలిక ఐతే పోటీల్లోనూ అలాంటి కాయను తూచరు. ఆ రోజే ముక్కలు చేసి తీసేయాలి, నాలుగు రోజులాగితే ఈగలూ కంపూ పాదు మీదంతా పడతాయి.

కాయ చుట్టుకొలత, పైనుంచి రెండు అడ్డకొలతలు టేపుతో తీసి కలిపితే బరువు అంచనా పట్టికల్లో దొరుకుతుంది. రోజూ ఒకే వేళకు తీయండి. బరువు తెలుసుకోవడంకంటే అది ఆగిన రోజు తెలుసుకోవడమే దాని ఉపయోగం. రెండు రోజులు వరుసగా పెరుగుదల లేకపోతే కింద ఎలుక తొలిచిందో, మొదలు కుళ్లుతోందో వెంటనే చూడాలి. మొదలు కుళ్లు పట్టుకుంటే మెత్తబడిన భాగాన్ని గట్టి కండ వచ్చేదాకా చెక్కేసి, మట్టి పక్కకు తీసి ఆరబెట్టాలి. కణుపు వేళ్లు దిగి ఉంటే మొదలు పోయినా కాయ బతుకుతుంది. రోజూ పూడ్చినవాళ్లకు అప్పుడు ఫలితం దక్కుతుంది.

కోసేటప్పుడు తొడిమకు అటూ ఇటూ జానెడు తీగ ఉంచి కోయాలి. వంద కిలోల కాయను తొడిమ పట్టి లేపకూడదు. కింద టార్పాలిన్ దొర్లించి ఆరుగురు మూలలు పట్టాలి, లేదంటే మూడు కాళ్ల స్టాండుకు చైన్ బ్లాక్ కట్టి బెల్టులతో ఎత్తాలి. తూచాక కాయను పశువులకు వేయాలనుకుంటే చివరి మందు కొట్టి డబ్బా మీద రాసినన్ని రోజులు గడిచాయో లేదో చూసుకోవాలి. తీగలన్నీ అదే వారంలో వేళ్లతో సహా పీకాలి. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగు పట్టినట్టు. ఆ మడిలో వచ్చే రెండేళ్లు గుమ్మడి, దోస, సొర ఏదీ పెట్టకుండా ఒక కారు బంతి, ఒక కారు జొన్న వేసి, పెంట కుప్పను వేరే మూలకు మార్చుకోవాలి.